జోడు పరుపు

మంచు ప్రాంతాల్లో గుడారమేసుకుని పడుకోవాలని సరదాపడేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ తప్పు ప్రశ్నే. ఏ దుప్పటి కొనాలి, ఏ స్లీపింగ్ బ్యాగు మంచిది అంటారు. చలి పైనుంచి వచ్చి మీద పడుతుందని మనవాళ్ల నమ్మకం. అసలు దొంగ కింద ఉంటుంది. మంచు మీద పడుకున్న మనిషి ఒంట్లోని వేడిని నేల గుటకలేసి తాగుతుంది. ఎంత ఖరీదైన బ్యాగులో దూరినా వీపు కింద ఉన్న దూది మన బరువుకి నలిగి అట్టలా అయిపోతుంది, ఇక అది దేన్నీ ఆపదు. ఆపేది పరుపు ఒక్కటే. కాబట్టి ముందు పరుపు ఎంచుకోండి, తర్వాత దుప్పటి సంగతి మాట్లాడదాం అంటాను.

నా పేరు తుమ్మా ఫిలోమిన. గురుకుల పాఠశాలలో వ్యాయామం టీచర్ని, సెలవులొస్తే కొండలెక్కుతాను. మాది పల్నాడులో రెంటచింతల. ఎండాకాలంలో ఎక్కడ ఎక్కువ కాల్చింది అని పేపరువాళ్లు వెతికితే మా ఊరి పేరు తగులుతుంది. అలాంటి ఊళ్లో పుట్టినదానికి మంచు కొండలేమిటని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నారు. కాలినవాళ్లకే కదా మంచు విలువ తెలిసేది, మీరు నొక్కుకుంటూ ఉండండి అని నా దారిన నేను పోయాను.

అప్పటికి నా దగ్గర రెండు పరుపులుండేవి. ఒకటి గాలి ఊదుకునేది. మెత్తన, వెచ్చన, కానీ చిన్న రాయి గుచ్చుకుందంటే తెల్లారేసరికి అది వట్టి ప్లాస్టిక్ సంచి. రెండోది నల్ల ఫోము చాప. అంత వెచ్చన కాదు, మెత్తన అసలే కాదు, కానీ రెండు ముక్కలుగా కోసినా రెండు చాపలవుతుంది తప్ప చావదు. తెలిసినవాళ్లు ఫోము కింద, గాలిది పైన వేసుకుంటారు. మా వదిన ఈ సంగతులన్నీ ఒక ఆదివారం గుడిలో పూజ అయిపోయి ఇంటికొచ్చాక కూర తరుగుతూ విన్నది.

మా వదిన డాక్టర్ లూర్దు మేరీ లోహాల మీద పరిశోధన చేసిన మనిషి. విని కత్తిపీట పక్కకి నెట్టి, నేలకి అడ్డం పెట్టడమెందుకు, నేల తాగినంతా ఇంకో చోటినుంచి పోస్తూ ఉంటే సరిపోదా అంది. మా అన్నయ్య బాలశౌరి నవ్వాడు. వాడికి నాపరాళ్లు కోయించి అమ్మే వ్యాపారం. ఆ నాపరాళ్ల అడితి వెనక రేకుల షెడ్డులోనే వదిన తన పని మొదలుపెట్టింది. చాలా ఏళ్లు పట్టింది. మధ్యలో హైదరాబాదు నుంచి ‘హిమతల్పం’ అనే కంపెనీ వచ్చి డబ్బు పెట్టింది.

మొదటిసారి చూపించిన రోజు నాకు బాగా గుర్తు. నడి ఏప్రిల్ మధ్యాహ్నం. వదిన ఒక బూడిదరంగు పరుపు తీసుకెళ్లి నిప్పుల్లా కాలుతున్న నాపరాళ్ల మిద్దె మీద పరిచింది. సోడాల కొట్టు నుంచి ఐసు దిమ్మ తెప్పించి ముందుగదిలో పెట్టించి, దాని మీద సరిగ్గా అలాంటిదే ఇంకో పరుపేసి నన్ను పడుకోమంది. ఐసు మీద పడుకుని నేను చెమటలు కక్కాను. దిమ్మ కరిగి నీళ్లు వాకిలి దాటి వీధిలోకి పారాయి. మిద్దె మీదికెళ్లి చూసొచ్చిన అన్నయ్య, అంత ఎండలో పైన పరుపు కొత్త కుండలా చల్లగా ఉందని గుడ్లు తేలేశాడు.

ఒకే లోహపు తీగని నిలువునా చీల్చి ఈ సగంతో ఒక పరుపు, ఆ సగంతో ఇంకో పరుపు నేసింది వదిన. ఒకదానికి తగిలిన వేడి రెండోదాంట్లోంచి బయటికొస్తుంది. మధ్యలో ఒక మెట్లదారి ఉన్నా, వెయ్యి మైళ్లున్నా ఒకటే. అటువైపు ఎంత చలి ఉంటే ఇటువైపు నుంచి అంత గట్టిగా లాగుతుంది. కంపెనీవాళ్లు వీటికి ఏవో అంకెలు పెట్టుకున్నారు. మా ఇంట్లో అన్నయ్య పెట్టిన పేర్లే నిలిచాయి. మిద్దె మీదిది పుట్టిల్లు, మంచు మీదిది అత్తిల్లు. పుట్టింటి నుంచి ఎంత పట్టుకెళ్లినా అత్తింటికి చాలదు కదా అని మా వదినని ఏడిపించేవాడు.

మరుసటి వేసవికి లదాఖ్‌లో ఒక శిఖరానికి నన్ను పంపడానికి కంపెనీ ఒప్పుకుంది. ఆ శిఖరం మీద నాకు ఎప్పటినుంచో కన్ను. షరతు ఒక్కటే, కొండ మీద అత్తింటి పరుపు తప్ప ఇంకే పరుపూ వాడకూడదు. సంతకం పెట్టాను. పెట్టి ఇంటికొచ్చి, నల్ల చాపని భుజాల నుంచి నడుము దాకా వచ్చేటంత ముక్క కోసి, వీపుసంచిలో వీపుకి ఆనే అర లోపల దూర్చి కుట్టేశాను. ఒక్క వస్తువుని నమ్ముకుని కొండెక్కమని చెప్పేవాడు ఎన్నడూ కొండెక్కినవాడై ఉండడు.

ఏప్రిల్లో మా ఊరు కాలుతున్నప్పుడు ఆ కొండ మీద చెంబులో నీళ్లు రాయి అవుతాయి. పై శిబిరం చేరేసరికి గాలివాన లాంటి మంచు మొదలైంది. నాకు దారి చూపే స్టాన్‌జిన్ పక్క గుడారంలోకి దూరాడు. పొద్దు ఇంకా ఉండగానే నేనూ నా గుడారంలో పరుపు మీద వాలాను. అబ్బ, ఆ సుఖం. మా మిద్దె రాయి వేడి, పొడిగా, ఘాటుగా, వీపు నుంచి ఎముకల్లోకి ఎక్కింది. బయట గాలి గుడారాన్ని చెంపలు వాయిస్తుంటే, లోపల నేను రెంటచింతల మీద పడుకుని ఉన్నాను. వదిన గెలిచిందనుకున్నాను.

పొద్దు గూకే వేళకి వేడి ఒక్కసారిగా పడిపోయింది. పొయ్యి మీద ఎవరో చెంబుడు నీళ్లు కొట్టినట్టు. పరుపు పాడైందేమో అనుకుని లేవబోతుంటే మళ్లీ వేడి మొదలైంది. ఇది ఇందాకటిది కాదు. మెత్తని వేడి. పరుపంతా లేదు. దానికి అంచులున్నాయి. పైన వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా, కింద మోకాళ్లు ముడుచుకున్నట్టు ఒక పక్కకి. తల కింద మడిచి పెట్టుకున్న చెయ్యి మేరకి ఇంకో చిన్న మరక. ఆ వేడి నెమ్మదిగా పెరుగుతూ తరుగుతూ ఉంది, ఊపిరి తీస్తున్నట్టు.

మా ఇంట్లో అందరికీ కలిపి బొంతలు చాలని రోజుల్లో నేనూ అన్నయ్యా ఒకే బొంత కింద వీపులానించుకుని పడుకునేవాళ్లం. అటు కొస వాడు లాగేవాడు, ఇటు కొస నేను లాగేదాన్ని, చలికాలమంతా అదే యుద్ధం. ఆ వీపు నాకు తెలుసు. ఆ మోకాళ్లు తెలుసు.

ఏం జరిగిందో అర్థం కావడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. వేసవిలో పొద్దు గూకితే మా ఊళ్లో ప్రతి మిద్దె మీదా బిందెలతో నీళ్లు కొడతారు. రాళ్లు బుస్సుమంటాయి, ఆవిరి లేస్తుంది, అది చల్లారాక పక్కలేస్తారు. ఒకరు చెప్పి చేయించేది కాదు అది, నడక నేర్చిన పిల్లలు కూడా చెంబు పట్టుకుని తయారవుతారు. వదిన ఎప్పుడు కొలిచినా పొడి రాయి మీదే కొలిచింది, ఎందుకంటే పరీక్షల రోజున మిద్దె ఎక్కనిచ్చేది కాదు ఎవర్నీ. ఇవాళ ఆవిడ కంపెనీ పని మీద హైదరాబాదు వెళ్లింది. ఇంట్లో అన్నయ్య ఒక్కడు. వాడు పరుపు పక్కకి జరిపి, బిందెలతో నీళ్లు కొట్టి, మళ్లీ పరుపు పరిచి ఉంటాడు. పుట్టిన దగ్గర్నుంచి చేసే పనే కాబట్టి, చేస్తున్నట్టు వాడికే తెలిసి ఉండదు. ఆ మీదట, ఉక్కపోతకి ఊరు ఊరంతా విసనకర్రలు పట్టుకుని కూచున్న వేళ, అంత చల్లటి పక్క ఎదురుగా ఉంటే దాని మీద వాలాడు. రాయిలో వేడి లేదు. ఇక పరుపు వాణ్ని తాగుతోంది.

కంపెనీ ఇచ్చిన శాటిలైట్ ఫోనులో అన్నయ్యకి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. వదిన ఎత్తలేదు. కంపెనీ నంబరుకి చేస్తే అక్కడి మేనేజరు ప్రణీత్ ఎత్తాడు. గొంతులో సంబరం.

“మేడమ్, పరుపు నుంచి మాకొస్తున్న రీడింగులు అద్భుతంగా ఉన్నాయి. రాయి చల్లారాక కూడా ఎక్కడినుంచో ముప్పై ఏడు డిగ్రీలు నిలకడగా వస్తోంది. మీరు దయచేసి కదలకండి.”

“ముప్పై ఏడంటే ఏమిటో తెలుసా నీకు? మనిషి. మా అన్నయ్య.”

ఫోను పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత అతను ఎవరితోనో మాట్లాడి వచ్చి, ఛైర్మన్ గారు పొద్దున్న దాకా కొనసాగించమంటున్నారని, ఊరికి ఎవరినైనా పంపి చూపిస్తామని, ఈ దశలో ఆపితే ఒప్పందం ప్రకారం ఇబ్బంది అవుతుందని చెప్పాడు. నిలకడగా ఉందన్న అంకె ఇప్పుడెంతుందో చూసి చెప్పమన్నాను. చూశాడు. ముప్పై ఆరుకి దిగిందని చెప్పేటప్పుడు అతని గొంతులో సంబరం లేదు.

నేను దిగితే సరిపోదు. పరుపు మంచు మీద ఉన్నంతసేపూ లాగుతుంది. చుట్ట చుట్టి పైకెత్తినా ఆ గాలికి లాగుతుంది. వదిన బతుకులో సగం ఆ పరుపులో ఉంది. నా శిఖరం కూడా అందులోనే ఉంది. జేబులోంచి కత్తి తీసి, ఆ వెచ్చటి వీపు మరకని తప్పించి, పక్కగా గుచ్చి ఈ కొస నుంచి ఆ కొస దాకా కోసేశాను. తీగలు కీచుమన్నాయి. వేడి ఆరిపోయింది. అప్పుడు ఏడ్చాను, చేతులు గడ్డకట్టేదాకా కాదులే, కొంచెమే.

తర్వాత వీపుసంచి కుట్లు విప్పి నల్ల చాప ముక్క తీశాను. స్టాన్‌జిన్ గుడారంలోకి పాకుతూ వెళ్లి విషయం చెప్పాను. అతను ఒక్క ప్రశ్నా వెయ్యకుండా తన గాలి పరుపులో సగం ఇచ్చాడు. దాని కింద నా ఫోము ముక్క వేశాం, కాళ్ల కింద తాళ్లూ ఖాళీ సంచులూ పరిచాం, వీపులానించుకుని కూచున్నాం. చలి వచ్చి మా ఇద్దర్నీ కొరికింది. నా ఎడమకాలి చిటికెనవేలు అక్కడే చచ్చిపోయింది, కింద ఆస్పత్రిలో తీసేశారు. శిఖరం ఎక్కలేదు. అది అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు.

ఊళ్లో పక్క మిద్దె మీద పక్కలేయడానికొచ్చిన శౌరమ్మ పెద్దమ్మ, అంత ఉక్కలో మా అన్నయ్య పళ్లు టకటకలాడిస్తూ వణకడం చూసి చలిజ్వరం అనుకుంది. తెలిసీ తెలియక సరైన పని చేసింది. పరుపు మీంచి లాగేసి, ఇంట్లో ఉన్న బొంతలన్నీ వాడి మీద పడేసింది. కంపెనీ పంపిన మనిషి వచ్చేసరికి ఆవిడ వాడికి వేడి వేడి గంజి తాగిస్తోంది.

నేను కుంటుకుంటూ ఇంటికొచ్చేసరికి మే నెల. వీధిలో తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. మా అన్నయ్య అరుగు మీద స్వెట్టరు వేసుకుని, చెవులకి మఫ్లరు చుట్టుకుని కూచున్నాడు. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేశారు, జబ్బేమీ లేదన్నారు. వాడికి మాత్రం ఆ సాయంత్రం నుంచి చలి పోలేదు. వదిన గడప మీద కూచుని వాణ్నే చూస్తోంది. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియక వాడి మీదే చూపించాను. చల్లగా ఉంటే ఉంది, ఒళ్లు గడ్డకడుతుంటే దిగాలని తెలియదా అన్నాను.

“దిగుదామనే అనుకున్నానే,” అన్నాడు. “కానీ నే దిగితే అక్కడ నీకు చలేస్తదిగదా.”

“నిన్ను నేను అడిగానా?”

“నువ్వు అడిగేదేంది? బొంత కొస ఎప్పుడన్నా అడిగి లాక్కున్నావా?”

వెళ్లి వాడి పక్కన కూచుని వీపుకి వీపు ఆనించాను. నిజంగానే చల్లగా ఉంది.

వదిన ఆ వారమే షెడ్డులోకి వెళ్లి కొత్త మార్పు చేసుకొచ్చింది. పుట్టింటి పరుపు కింద వేడి మనిషి ఒంటి వేడికి పడిపోతే తీగ తనంతట తానే తెగిపోతుంది. కంపెనీ ఛైర్మన్ రఘోత్తమరావు గారు అన్నయ్యని పరామర్శించడానికి పళ్లబుట్టతో వచ్చినప్పుడు ఆవిడ అది చూపించింది. ఆయన చాలా మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, అన్నయ్యని పేరు పెట్టి పలకరించి, జరిగినదానికి నిజంగా బాధపడ్డాడు. ఇక మీదట పుట్టింటి పరుపులు ఉన్న ఊళ్లలో మిద్దెల మీద నీళ్లు పోయకూడదని నియమం పెడతామన్నాడు. నిప్పుల మీద పడుకోమంటారా అని శౌరమ్మ పెద్దమ్మ గుమ్మంలోంచే అడిగింది. ఆ మాట ఆయన వినిపించుకోలేదు. తీగ తెగే మార్పు మాత్రం కుదరదన్నాడు.

“డాక్టర్ గారూ, జనం గుడారాలేసుకునేది చలికాలంలో. చలికాలంలో మీ రాళ్లూ చల్లబడతాయి. పన్నెండు నెలలూ వెచ్చగా ఉండేది మనిషి ఒళ్లొక్కటే. ఊరికే తీసుకోం కదా, జీతమిస్తాం. గంటకోసారి మనుషుల్ని మారుస్తాం. తిన్న అన్నం మళ్లీ వేడి పుట్టిస్తుంది.”

ఇలా చెప్పాక అన్నయ్య స్వెట్టరు వైపు చూసి, అది అరుదైన సంఘటన అన్నాడు. అన్నిటికంటే నన్ను కాల్చింది ఏమిటంటే, ఊళ్లో సగం మంది అప్పటికే పేర్లిచ్చేశారు. పడుకుంటే జీతం, పైగా చల్లటి నిద్ర. ఎండలో మాడేవాళ్లకి అంతకంటే ఏం కావాలి? వాళ్లని ఏమనగలను? అన్నయ్య మాత్రం ఇల్లిల్లూ తిరిగి స్వెట్టరు చూపించి వచ్చాడు. కొందరు వెనక్కి తగ్గారు, కొందరు తగ్గలేదు.

కాగితాల ప్రకారం పరుపు కంపెనీది. వదిన రాజీనామా చేసినా వాళ్లు నేయించుకోగలరు. అందుకే ఆవిడ రాజీనామా చెయ్యలేదు. డిసెంబరులో హైదరాబాదులో పెద్ద హాలు తీసుకుని అమ్మకాలు మొదలుపెడుతున్నామని, పరుపు కనిపెట్టిన శాస్త్రవేత్తా, దాని మీద మంచులో పడుకున్న పర్వతారోహకురాలూ వేదిక మీద ఉండాలని కబురొస్తే ఇద్దరం వస్తామన్నాం. నన్ను కాపాడింది ఆ పరుపేనని వాళ్ల ప్రకటనల్లో రాసుకున్నారు. రాసుకోనిచ్చాను.

వేదిక మీద ఒక పక్క మంచుకొండలా కట్టిన ఐసు దిమ్మలు, వాటి మీద అత్తింటి పరుపు. ఇంకో పక్క మా అన్నయ్య అడితి నుంచే కొన్న నాపరాయి, కింద కరెంటు తీగలతో కాల్చింది, దాని మీద పుట్టింటి పరుపు. నేను ఐసు మీద పడుకుని ఆహా ఎంత హాయిగా ఉందో అనాలి. విలేకరులంతా చేతులు పెట్టి చూడాలి. ఛైర్మన్ గారు మైకు పట్టుకుని ప్రకృతిలో వృథాగా పోయే వేడి గురించి మాట్లాడుతున్నారు.

అప్పుడు అన్నయ్య స్వెట్టరు, మఫ్లరుతో వేదిక పక్కనుంచి వచ్చి రాతి కింద కరెంటు ప్లగ్గు ఊడదీశాడు. వాడి వెనక వదిన, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న స్టీలు బిందె చంకనెత్తుకుని వచ్చింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, పరుపు పక్కకి జరిపి, రాయి మీద బిందెడు నీళ్లూ కొట్టింది. రాయి బుస్సుమంది. హాలంతా ఆవిరి. ముందు వరుసలో వాళ్లు లేచి నిలబడ్డారు. మళ్లీ పరుపు పరిచి, చేతులు తుడుచుకుని, మైకులో చెప్పింది.

“మా ఊళ్లో పొద్దు గూకితే ఇట్టాగే చేస్తాం. ఇప్పుడీ రాయిలో వేడి లేదు. చలికాలం మీరు కొనుక్కునే పరుపుకి జోడు పరుపు కింద ఉండేది ఇట్టాంటి రాయే. దీని మీద ఒక మనిషి పడుకుంటేనే ఆ పక్క వెచ్చగా ఉంటది.”

నేను ఛైర్మన్ గారి దగ్గరికి వెళ్లాను. కుంటుకుంటూనే వెళ్లాను, చూడనీ అని.

“మీరు పడుకోండి సార్. ఐసు మీద నేను పడుకుంటాను. పొద్దున్న దాకా.”

ఆయన నవ్వబోయాడు. రాతి వైపు చూశాడు, అన్నయ్య మఫ్లరు వైపు చూశాడు. తర్వాత మేనేజరు ప్రణీత్ వైపు తిరిగి, నువ్వు రావయ్యా, ఊరికే ఓ పది నిమిషాలు అన్నాడు. ఆ రోజు ఫోనులో ముప్పై ఆరు అని చెప్పింది ఇతనే. అతను కదల్లేదు. తల దించుకుని, నేను పడుకోను సార్ అన్నాడు. హాల్లో అందరికీ వినిపించింది. మూడో వరుసలో ఒక విలేకరి లేచి, ఎవరూ పడుకోమంటే మరి ఎవర్ని పడుకోబెడతారండీ అని చాలా నెమ్మదిగా అడిగింది. ఛైర్మన్ గారు మైకు పెదవుల దాకా తెచ్చి, మళ్లీ దించేశారు.

వదిన బిందె పక్కన పెట్టి నా వైపు చెయ్యి చాపింది. కత్తి ఇచ్చాను. తన బతుకులో సగాన్ని తానే ఈ కొస నుంచి ఆ కొస దాకా కోసింది. తీగలు కీచుమన్నాయి. ఇంకోటి నేయించుకుంటారేమో, నేయించుకోండి, నేనూ నా బిందే ఎక్కడికైనా వస్తాం అంది.

నేను సంచిలోంచి నా నల్ల చాప ముక్క తీసి, ఆ ఐసు దిమ్మల మీద పరుచుకుని, అందరూ చూస్తుండగా పడుకున్నాను. పక్కన అన్నయ్య వచ్చి నిలబడ్డాడు.

“చలేస్తందా అమ్మాయ్?” అన్నాడు.

వేస్తోంది. వెయ్యనీ. ఆ చలి నాది.